ఇరవై గడుల పేరు

మా కంప్యూటర్ మాస్టారి అన్నగారు పోయారని మొదట కబురొచ్చింది. రాజమండ్రి నుంచి పద్మ ఫోన్ చేసింది. పద్మా నేనూ మాస్టారి దగ్గర ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నాం. ఆటోలో వెళుతూ దేవీచౌక్ దగ్గర ఫ్లెక్సీ చూసిందట. "పెద్దాయన పోయారే. పాపం, మాస్టారు ఒక్కరైపోయారు" అంది. నేను అయ్యో అన్నాను. మాస్టారికి ఫోన్ చేయాలి అనుకున్నాను. చేతిలో పని ముగించుకుని తీరిగ్గా చేద్దాంలే అని కూడా అనుకున్నాను. గంట తర్వాత పద్మే మళ్ళీ చేసింది. ఈసారి ఏడుస్తోంది. పోయింది అన్నగారు కాదు, మాస్టారే.

ఆ గంటసేపూ నేను నిశ్చింతగా పని చేసుకున్నానన్న సంగతి ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది. ఆ పొరపాటు ఎలా జరిగిందో మర్నాడు రాజమండ్రి వెళ్ళాక తెలిసింది. తెలిశాక నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అది అర్థం కావాలంటే మాస్టారి గురించి ముందు చెప్పాలి.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా మీకు పెద్దగా ఉపయోగం ఉండదు. అన్నవరం స్వామికి మొక్కుకున్నాక పుట్టిన పిల్లలకు అసలు పేరుకు ముందు 'వీర వెంకట' అని చేర్చడం మా వైపు ఆనవాయితీ. మాస్టారూ, ఆయన అన్నగారూ ఇద్దరూ వీర వెంకటలే. మా క్లాసులో పదకొండు మంది ఉంటే అందులో ముగ్గురు. ఇంటిపేర్లతో సహా హాజరు పిలిచేసరికి ఆయనకు ఊపిరి అందేది కాదు. అయినా ఒక్క అక్షరం మింగకుండా పూర్తిగా పిలిచేవారు. పేరు సగంలో ఆపేస్తే మనిషిని సగంలో ఆపేసినట్టుంటుందండీ అనేవారు.

తొంభైల మధ్యలో రాజమండ్రి దానవాయిపేటలో ఒక బట్టల కొట్టు మేడ మీద ఆయన ఇన్‌స్టిట్యూట్ ఉండేది. రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు. ఆ నాలుగింట్లో ఒకటి ఎప్పుడూ మూత తీసి, పేగులు బయటపెట్టుకుని ఉండేది. చెప్పులు బయట విడవాలి. "కంప్యూటర్ గారికి దుమ్ము పడదండి" అనేవారు. నేను కోరుకొండ దగ్గర మా పల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేదాన్ని. కంప్యూటర్ నేర్చుకుంటున్నానంటే బస్సులో సీటిచ్చే రోజులవి. నాలుగు నెలలు దాటినా నేను ఆ కంప్యూటర్‌ను తాకింది చాలా తక్కువని బస్సులో వాళ్ళకు తెలియదు.

ఎందుకంటే మాస్టారి దగ్గర రేషన్ ఉండేది. రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చి, తప్పులుంటే తెర మీద చూపించే మెట్టును కంపైల్ చేయడం అంటారు. అది రోజుకు మూడుసార్లే. పొద్దున రాగానే ఒక్కొక్కరికీ చిన్న అట్టముక్క ఇచ్చేవారు. కంపైల్ చేసిన ప్రతిసారీ దానికి చిల్లు పెట్టేవారు. చిల్లు పెట్టే పనిముట్టు బస్సు కండక్టర్లు టిక్కెట్లకు వాడేది. కోటిపల్లి బస్టాండు దగ్గర పాత ఇనుము కొట్లో దొరికిందట. దాన్ని టక్‌టక్‌మనిపిస్తూ మా కుర్చీల వెనక తిరిగేవారు. "ఎవరండీ కంపైల్? కంపైల్ ఎవరండీ?" అని అచ్చం కండక్టరులాగే అడిగేవారు. మేం కార్డు అరచేత్తో మూసుకుని, అప్పుడే వద్దండీ అనేవాళ్ళం. మూడు చిల్లులూ పడ్డాయంటే ఆ రోజుకు మనం కాగితం మీదే బతకాలి.

నిజం చెప్పాలంటే ఇది మొదట్లో సిద్ధాంతం కాదు, కరెంటు కోత. నాలుగు కంప్యూటర్లతో, రోజుకు రెండు విడతల కోతతో పదకొండు మందికి చదువు చెప్పడానికి ఆయనకు తోచిన ఉపాయం అది. కరెంటు పరిస్థితి బాగుపడ్డాక కూడా మానలేదు. అప్పటికి ఆయనకు దాని రుచి తెలిసిపోయింది.

కాగితం మీద ప్రోగ్రాం రాశాక దాన్ని మనుషులతో నడిపించేవారు. ప్రోగ్రాంలో విలువలు దాచుకునే పేర్లు కొన్ని ఉంటాయి. ఐ, జే, టోటల్, ఇలాంటివి. ఒక్కో పేరుకు ఒక్కొక్కరిని బల్ల మీద కూర్చోబెట్టి, చేతికి పలక ఇచ్చేవారు. ఆయన నిలబడి ప్రోగ్రాం ఒక్కో వరుసా చదివేవారు. పిల్లలమైన మమ్మల్నే అండీ అని పిలిచే మనిషి, ఆ పేర్లకు మర్యాద తగ్గిస్తారా?

"ఐ గారూ, తమరు ఇప్పుడు ఎంత మీద ఉన్నారండి?"

"నాలుగండి."

"ఒకటి పెరగండి. జే గారేరీ? ఇంకా పుట్టలేదా? అయితే ఆయన్ని ఎలా కూడుతున్నారండీ మీరు?"

నేను పొట్టిదాన్ని కావడం వల్ల నాకెప్పుడూ టెంప్ గారి వేషం దక్కేది. అంటే ఇద్దరు తమ విలువలు మార్చుకునేటప్పుడు మధ్యలో కాసేపు ఒకరి విలువ దాచిపెట్టే పాత్ర. పని అయ్యాక నన్నెవరూ పట్టించుకోరు. పక్కవాళ్ళ పలకలోకి తొంగి చూడకూడదన్నది గట్టి నియమం. ఒకసారి జే గారిగా కూర్చున్న పద్మ ఉత్సాహం పట్టలేక జవాబు ముందే చెప్పేసింది. మాస్టారు చదవడం ఆపేశారు. "మీకెలా తెలిసిందండీ? మీరు జే గారు. మీ పలక తప్ప మీకేమీ తెలీదు. తెలిసినట్టు ఊహించుకోబట్టే కదండీ మనకిన్ని తిప్పలు" అన్నారు. పద్మ మూతి ముడుచుకుంది గానీ, ఇప్పటికీ ఎవరైనా అన్నీ తెలిసినట్టు మాట్లాడితే, జే గారూ కూర్చోండి అంటుంది.

ఒకరోజు మా క్లాసులో ఒకతను హైదరాబాదు నుంచి సీడీ తెచ్చాడు. రాయడం, సరిచూడడం, నడపడం అన్నీ ఒకే కిటికీలో చేసిపెట్టే సాధనం అందులో ఉంది. ఐడీఈ అంటారు. నాలుగు అక్షరాలు కొడితే మిగతావి అదే పూర్తి చేస్తుంది. తెర మీద బొత్తాన్ని లాగి పెడితే దాని వెనక ఉండాల్సిన ప్రోగ్రాం అదే రాసేసుకుంటుంది. మేమంతా నోళ్ళు తెరుచుకుని చూశాం. మాస్టారు మా వెనక నిలబడి మధ్యాహ్నమంతా ఓపిగ్గా చూశారు. ఎక్కడ ఏది నొక్కితే ఏమవుతుందో అడిగి మరీ తెలుసుకున్నారు. చివరికి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"బాగుందండి. అన్నం వడ్డించి, పులుసు పోసి, కలిపి, ముద్ద చేసి నోటికి అందిస్తోంది. కానీ అది చేపల పులుసండి. ముల్లెక్కడుందో కలిపిన వేళ్ళకు తెలుస్తుంది. నోటికి తెలిసేసరికి గొంతులో ఉంటుంది."

నాకు నోరెక్కువ. "చంటిపిల్లలకు ముళ్ళు తీసే పెడతారు కదండీ?" అన్నాను.

"పెడతారండి. పెట్టేది వాళ్ళమ్మ. ఈ ముద్ద కలిపిందెవరో మీకు తెలుసా?"

నాకు తెలియదు. అయినా ఆ మాట నాకప్పుడు మొండి మనిషి మాటగానే వినపడింది. ఆయన మొండివారు కూడా. అన్నీ తెలిసిన మనిషేమీ కాదు. ఒకసారి ఆయన రాసిన ప్రోగ్రామే తప్పు జవాబులిస్తుంటే, పూర్తిగా రెండు పూటలు కాగితాల మీద పడి వెతికారు. ఒకచోట టోటల్ అనే పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. కంపైల్ చేసినప్పుడు యంత్రం దాన్ని ఇంకో కొత్త పేరనుకుని వదిలేసింది. ఆయన వాడే సాదా ఎడిటర్‌లో ఆ తప్పు ఎంతకీ కంటికి ఆనలేదు. ఆ సీడీలోని సాధనంలో పెట్టగానే కింద ఎర్రగీత పడింది. నేనే చూపించాను. చూపించేటప్పుడు నా ముఖంలో విజయగర్వం బాగానే ఉండి ఉంటుంది. రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడో రోజు నాకు నాలుగో కంపైల్ ఇచ్చారు. ఆయన దగ్గర అది సన్మానం కింద లెక్క.

ఆ తర్వాత ఏడాదికి మెయిన్ రోడ్డు మీద ఏసీ ఉన్న ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. అక్కడ కంపైళ్ళకు రేషన్ లేదు. మూడు వారాల్లో సొంతంగా రంగురంగుల తెరలు తయారుచేయొచ్చని బోర్డు పెట్టారు. మాస్టారి మేడ మెట్లెక్కే చెప్పుల జతలు తగ్గిపోయాయి. పదకొండు ఆరయ్యాయి. ఆరు నాలుగయ్యాయి. వెళ్ళిపోయినవాళ్ళలో నేనూ ఉన్నాను.

చెప్పకుండా మానేయడానికి మనసు రాక, చెప్పడానికే వెళ్ళాను. ఏం చెప్పాలో బస్సులో రెండుమూడు రకాలుగా అనుకున్నాను. ఆయన ఏదీ చెప్పనివ్వలేదు. నా దగ్గర ఉండిపోయిన చివరి రోజు కార్డు అందుకుని వెలుతురుకు ఎత్తి చూశారు. రెండు చిల్లులున్నాయి.

"మీకు ఒక కంపైల్ మిగిలిపోయిందండి. ఎప్పుడైనా వచ్చి వాడుకోండి" అని తిరిగి ఇచ్చేశారు. కోపంగా అని ఉంటే నాకు సులువుగా ఉండేది. మెట్లు దిగేటప్పుడు పైనుంచి టక్‌టక్ వినిపించింది.

కొత్తచోట చదువు ముగించాక ఊళ్ళోనే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. నాకప్పగించిన మొదటి పెద్ద పని ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌ది. రోగి పేరు నమోదు చేసుకోవడం, రక్తపరీక్ష ఫలితాలు ఎక్కించడం, రిపోర్టు అచ్చువేయడం. ఎనిమిది రోజుల్లో చేసేశాను. మా యజమాని పొంగిపోయాడు. ఎలా చేశానంటే, సాధనం అడుగుతూ పోయింది, నేను ఒప్పుకుంటూ పోయాను. పేరు గడి ఎంత పొడవుండాలి అంది. ఇరవై అక్షరాలు అని అదే వేసి చూపించింది. నెక్స్ట్. రోగుల పట్టికనూ ఫలితాల పట్టికనూ దేనితో జోడించాలి అంది. పేరు అని అదే టిక్కు పెట్టి చూపించింది. నెక్స్ట్. ఫినిష్. అలా చేసిన రెండు తెరలు చూసుకుని, వీటికోసమా మనం అట్టముక్కలు పట్టుకుని కూర్చుంది అనుకున్నాను.

ప్రోగ్రాం వాడకంలోకి వచ్చిన రెండో వారంలో నేను ల్యాబ్‌లోనే టెక్నీషియన్ పక్కన కూర్చుని ఉండగా మాస్టారు వచ్చారు. వెంట వాళ్ళ అన్నగారు. పల్లెలో వ్యవసాయం చూసుకునే మనిషి. ఇద్దరివీ ఒకటే ముఖం, ఒకటే మీసం. తేడా అంతా పంచెకూ ప్యాంటుకే. అన్నగారి కాలికి చేలో ఏదో గీసుకుని పుండైంది. నెల దాటినా మానడం లేదు. డాక్టరు రక్తపరీక్ష రాశారు. ఆయనకు సూదంటే భయం. నువ్వు పొడిపించుకుంటే నేను పొడిపించుకుంటా అని తమ్ముడికి షరతు పెట్టారట. అందుకని ఏ జబ్బూ లేని మాస్టారు కూడా చెయ్యి చాచారు.

మధ్యాహ్నానికి రిపోర్టులు వచ్చాయి. ఇద్దరికీ అంతా మామూలుగానే ఉంది. మాస్టారు ఆ రెండు కాగితాలూ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు. ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు పట్టుకున్నారు.

"ఆయ్, ఇంకేం చూస్తావురా? ఇద్దరికీ ఏం లేదంట కదా. పద, బస్సుకు టైమైంది" అన్నారు అన్నగారు. అప్పటికే ఒక చెప్పు తొడుక్కున్నారు. పుండున్న కాలికి రెండో చెప్పు పట్టక అవస్థ పడుతున్నారు.

మాస్టారు నా వైపు వచ్చారు. "అన్నదమ్ములమే అనుకోండి. కానీ రక్తంలో కూడా ఇంత సఖ్యత ఉండదు కదండీ" అన్నారు.

చూశాను. షుగరు, యూరియా, హిమోగ్లోబిన్, అన్నీ చుక్క తర్వాతి అంకెతో సహా ఒకటే. నాకు వెంటనే నోట్లోంచి వచ్చిన మాట, "మిషను తప్పయి ఉంటుందండి" అని. టెక్నీషియన్ కస్సుమన్నాడు. మాస్టారు ఇద్దరినీ ఆగమన్నట్టు చెయ్యెత్తారు.

"మిషను సంగతి తర్వాత చూద్దాం. మీ ప్రోగ్రాంలో నేనెవరినండీ?"

"మీరు పేషెంటు కదండీ."

"అది సరే. నన్నూ మా అన్నయ్యనూ వేరుచేసేది ఏది? ఆ వరుస చూపించండి."

తెర మీద తెరిచాను. పైకి వెళ్ళాను, కిందికి వెళ్ళాను. వందల వరుసలున్నాయి. అవేవీ నాకు తెలిసినవి కావు. చివరికి చెప్పాను. "అది నేను రాయలేదండి. అదే రాసుకుంది."

అంటారనుకున్న చేపల పులుసు మాట ఆయన అనలేదు. తన రిపోర్టు కాగితాన్ని తిరగేసి, జేబులోంచి పెన్ను తీసి, ఇరవై గడులు గీశారు. గడికొక ఇంగ్లీషు అక్షరం చొప్పున తన పేరు నింపడం మొదలుపెట్టారు. మావైపు రాసుకునేట్టే ఇంటిపేరు ముందు. వాళ్ళ ఇంటిపేరు ఆరు గడులు. ఒక ఖాళీ. వీర, ఐదు గడులు. ఒక ఖాళీ. వెంకట, ఏడు గడులు. ఇరవై గడులూ అయిపోయాయి. దాని కిందే అన్నగారి పేరు నింపారు. అక్షరం పొల్లుపోకుండా అదే వచ్చింది.

"ఇరవయ్యొకటో గడి ఖాళీ అండి. నేను మొదలయ్యేది ఇరవై రెండో గడిలో. మా అన్నయ్య కూడా అక్కడే మొదలవుతాడు. మీ దగ్గర అంత చోటు లేదు" అన్నారు.

నా ప్రోగ్రాముకు వాళ్ళిద్దరూ ఒకే మనిషి. ఆ మనిషికి రెండు ఫలితాలుంటే, చివర ఎక్కించినది తీసి రెండుసార్లు అచ్చువేసింది. చివర ఎక్కించింది మాస్టారిది. టెక్నీషియన్ పరుగెత్తుకెళ్ళి మిషను ఇచ్చిన అసలు చీటీలు తెచ్చాడు. అన్నగారి షుగరు అంకె చూసి తనే కుర్చీ తెచ్చి ఆయన్ని కూర్చోబెట్టాడు. ఆ అంకె చూడకపోతే పుండుకు పైపూత రాసి ఇంటికి పంపేవారు.

నేను మాస్టారిని పక్కకు పిలిచాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, అప్పుడు నాకు అన్నగారి కాలు గుర్తులేదు. నా ఉద్యోగమే గుర్తుంది. "డాక్టరు గారికి చెప్పకండి సార్. నేను సరిచేసేస్తాను. తెలిస్తే నన్ను తీసేస్తారు" అన్నాను.

"నేను చెప్పనండి. నేనెందుకు చెబుతాను?" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. "మీరు చెబుతారు. పన్నెండు రోజులుగా ఎంతమంది వీర వెంకటలు వచ్చి వెళ్ళారో మీకు తెలుసా? వాళ్ళంతా ఏం లేదని నిశ్చింతగా ఇంటికి వెళ్ళిపోయి ఉంటారు."

వెళ్ళి చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను. డాక్టరు గారు పాత రిజిస్టరు బయటికి తీయించి, ప్రోగ్రాం సరయ్యేవరకూ రిపోర్టులు చేత్తో రాయమన్నారు. మా యజమాని చెడామడా తిట్టాడు. ఉద్యోగం పోలేదు గానీ, పోయినా నోరెత్తేదాన్ని కాదు.

మూడు రోజులు మాస్టారు నాతో ఆ ల్యాబ్ గదిలో కూర్చున్నారు. తన క్లాసు మధ్యాహ్నానికి మార్చుకున్నారు. ఆయన మిషను చీటీ చదివేవారు, నేను రిపోర్టులో చూసేదాన్ని. పేర్లన్నీ పూర్తిగా, ఒక్క అక్షరం మింగకుండా చదివేవారు. మరో మూడు జతలు బయటపడ్డాయి. అందులో ఒకావిడది తుని దగ్గర పల్లె. ఆ ఊళ్ళో ఫోనున్న ఇల్లు కనుక్కుని, కబురు పెట్టి, ఆవిడ తిరిగి వచ్చేదాకా ఆయన స్థిమితంగా కాఫీ తాగలేదు.

ప్రోగ్రాంలో రోగికి టోకెన్ నంబరు పెట్టి, పట్టికలు రెండింటినీ ఆ నంబరుతో జోడించే భాగం నాతో కాగితం మీద రాయించారు. టెక్నీషియన్ ఒక పేషెంటు గారుగా, ఆసుపత్రి ఆయా ఇంకో పేషెంటు గారుగా కూర్చున్నారు. నాకు మళ్ళీ టెంప్ గారి వేషమే. అంతా సరిపోయాక, "కార్డుందా?" అని అడిగారు.

ఎక్కడో పోయిందండీ అన్నాను.

"పర్లేదు, నాకు గుర్తుంది. ఒకటి మిగిలుంది" అని గాలిలోనే వేళ్ళతో టక్‌మనిపించారు.

కంపైల్ నొక్కాను. ఎర్రగీత పడింది. ఒకచోట వరుస చివర పెట్టాల్సిన సెమికోలన్ మర్చిపోయాను. ఉన్న ఒక్క అవకాశమూ పోయిందని నేను తల పట్టుకుంటే, ఆయన తెర దగ్గరికి వంగి ఆ ఎర్రగీతను ముచ్చటగా చూశారు. "ఇందుకు మాత్రం ఇది భలే సాధనమండి. దీనికి కనపడే తప్పులు దీన్నే చూసుకోనివ్వండి. మీ కళ్ళు మిగతా వాటికి ఉంచుకోండి" అన్నారు. ఆయన ఐడీఈని మెచ్చుకోవడం నేను విన్నది అదొక్కసారే.

అన్నగారికి ఎడమకాలి చిటికెన వేలు తీసేశారు. కాలు దక్కింది. తర్వాత నేను హైదరాబాదు వెళ్ళిపోయాను. మాస్టారు మేడ మీద క్లాసు ఎప్పుడు మూసేశారో నాకు సరిగ్గా తెలియదు. ఆ మధ్య ఫోన్ చేసినప్పుడు మాత్రం, చుట్టుపక్కల పిల్లలకు లెక్కలు చెబుతున్నానండి, ఎక్స్ గారూ వై గారూ బాగానే ఉన్నారు అన్నారు. ఒకసారి వచ్చి చూస్తానన్నాను. ఇంకో ఏడాది గడిచింది.

ఆయన పోయిన మర్నాడు ఆ వీధిలోకి వెళ్ళేసరికి ఇంటి ముందు కూడా అదే ఫ్లెక్సీ ఉంది. అశ్రునివాళి. మాస్టారి పాత ఫోటో. కింద ఇంటిపేరు, తర్వాత వీర వెంకట, అంతే. ఆ తర్వాత ఖాళీ. దాని కిందే ప్లాస్టిక్ కుర్చీలో, చేతికర్ర పట్టుకుని, మాస్టారి ముఖంతో, మాస్టారి మీసంతో అన్నగారు కూర్చున్నారు.

నన్ను గుర్తుపట్టారు. "ఆయ్, రామ్మా. చూశావా, నన్ను చంపేశారు. పొద్దుట్నుంచి ఊళ్ళోవాళ్ళు వచ్చి నన్ను చూసి జడుసుకుంటన్నారు" అన్నారు. ఆ మాట అనడంలో నవ్వు లేదు. ముఖం ఎండిపోయి ఉంది. లోపల్నుంచి మాస్టారి భార్య వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "మా బావగారు నిన్నటి నుంచి కన్నీటిచుక్క పెట్టలేదమ్మా, అలా చూస్తూ కూర్చున్నారు. నాకు భయంగా ఉంది" అని మెల్లగా చెప్పారు.

ఫ్లెక్సీ వేసినతను అక్కడే ఉన్నాడు. వేరే ఎవరికో చేసిన డిజైనులో ఫోటో మార్చి, పేరు మార్చాడట. ఆ పేరు పెట్టిన పెట్టె చిన్నది. మిగతా అక్షరాలు పెట్టె అంచు దాటి మాయమయ్యాయి. "స్క్రీను మీద అంతా బాగానే కనపడిందండి. రేపు పొద్దున్నకల్లా కొత్తది వేసిస్తానండి" అన్నాడు. పాపం, అతన్ని ఏమనగలను? ఆ పని నేనూ చేసినదాన్నే.

రేపటిదాకా ఆగబుద్ధి కాలేదు. సందు చివర జిరాక్స్ కొట్లో నల్ల మార్కరు కొన్నాను. మాస్టారి గదిలో ఆయన రాసుకునే బల్ల మీంచి ఒక తెల్లకాగితం తీసుకుని, ఖాళీ ఎంతుందో బెత్తతో కొలిచి, గడులు గీశాను. ఆయన అసలు పేరులో నాలుగు అక్షరాలు. కాగితం మీద రాసి, సరిపోతుందని చూసుకుని, స్టూలు తెచ్చి ఎక్కాను. నేను పొట్టిదాన్ని, స్టూలు ఊగుతోంది. అన్నగారు కర్ర పక్కన పడేసి లేచొచ్చి రెండు చేతులతో స్టూలు పట్టుకున్నారు.

ఒక్కో అక్షరం నింపాదిగా రాశాను. నేను రాస్తుంటే కింద నుంచి ఆయన ఒక్కొక్కటే పైకి చదివారు. నాలుగోది రాసి మార్కరు మూత పెట్టాను. ఆయన మొదటి నుంచి, ఇంటిపేరుతో సహా, మొత్తం పేరు మళ్ళీ ఒకసారి చదువుకున్నారు.

"ఆయ్... ఇప్పుడు మావోడే" అన్నారు.

అప్పుడు స్టూలు వదలకుండానే, నా పాదాల దగ్గర తల ఆనించి, పెద్దగా ఏడ్చారు.